వెరికోస్ వెయిన్స్‌కి ఆర్‌ఎఫ్‌ఏ: నిలబెట్టి తీసిన స్కాన్ నుంచి స్టాకింగ్స్ విప్పేదాకా నా అనుభవం

ఈ ఏడాది సంక్రాంతి సెలవుల్లో వెరికోస్ వెయిన్స్ (ఉబ్బి మెలికలు తిరిగిన సిరలు) ఉన్న నా ఎడమ కాలికి ఆర్‌ఎఫ్‌ఏ (రేడియోఫ్రీక్వెన్సీ అబ్లేషన్) చేయించుకున్నాను. చెడిపోయిన సిర లోపలికి కాథెటర్ అనే సన్నటి గొట్టం పంపి, వేడితో దాన్ని మూసేసే పద్ధతి ఇది. హనుమకొండలో జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను, రోజులో ఎక్కువ భాగం బోర్డు ముందు నిలబడే ఉంటాను. ఆపరేషన్ గురించి ఎవరిని అడిగినా ‘అరగంట పని, సాయంత్రానికి ఇంటికొచ్చేస్తారు’ అన్నారు. అది నిజమే. కానీ ఆ అరగంటకు ముందు ఏ స్కాన్ ఎలా తీయాలో, తర్వాత వారానికి తొడ ఎందుకు పట్టేస్తుందో, కాలిని బిగించి పట్టే స్టాకింగ్స్ ఎలా ఎక్కించాలో, ఇన్సూరెన్స్ వాళ్లు ఏం అడుగుతారో ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు ఈ దారిలో ఉన్నవాళ్లకు పనికొస్తాయని అవే రాస్తున్నాను.

రెండో కాన్పు అప్పటి నుంచే ఎడమ పిక్క మీద సిరలు తేలి కనిపించేవి. నొప్పి ఉండేది కాదు. నిరుడు వానాకాలం నుంచి పరిస్థితి మారింది. సాయంత్రానికి కాలు బరువెక్కేది, పట్టీల అచ్చు చర్మం మీద లోతుగా పడేది, రాత్రి నిద్రలో పిక్క పట్టేసేది. చీలమండకు కొంచెం పైన, లోపలివైపు, అరచేయంత మేర దురద, గోధుమరంగు మచ్చ వచ్చాయి. స్కిన్ డాక్టర్ ఇచ్చిన ఆయింట్‌మెంట్‌తో తగ్గడం, ఆపగానే మళ్లీ రావడం. అక్టోబరు చివర్లో మళ్లీ వెళితే ఆవిడ మచ్చ పక్కన వేలితో నొక్కి చూశారు. గుంట పడింది. ‘ఇది చర్మం జబ్బు కాదమ్మా, లోపలి ప్రెషర్ వల్ల వస్తోంది. వాస్క్యులర్ సర్జన్‌కి, అంటే రక్తనాళాల సర్జన్‌కి చూపించండి’ అన్నారు. ఆ ఒక్క మాట నాకు చాలా మేలు చేసింది. ఈ మచ్చతో నెలల తరబడి ఆయింట్‌మెంట్లు మారుస్తూ తిరిగేవాళ్లు మా స్టాఫ్ రూములోనే ఉన్నారు.

ప్రెషర్ అంటే ఎంత? నిలబడినప్పుడు గుండె నుంచి చీలమండ దాకా సుమారు 1.2 మీటర్ల ఎత్తు రక్తం ఉంటుంది. ఆ ఎత్తుకు లెక్క కడితే చీలమండ దగ్గర సిరలో దాదాపు 90 మిల్లీమీటర్ల పాదరసం పీడనం వస్తుంది. ఇది అందరికీ ఉండేదే. నడిచేటప్పుడు పిక్క కండరం బిగిసి రక్తాన్ని పైకి తోస్తుంది, సిరలోని కవాటాలు అది కిందికి జారకుండా ఆపుతాయి, దాంతో ఆ పీడనం 30కి దరిదాపుల్లోకి పడిపోతుంది. కవాటాలు చెడితే పైకి పోయిన రక్తం మళ్లీ కిందికే వస్తుంది. ఎంత నడిచినా పీడనం దిగదు. అప్పుడు ఎర్రకణాలు సన్న నాళాల్లోంచి బయటికి వచ్చి చర్మం కింద విరిగిపోతాయి, వాటిలోని ఇనుము అక్కడే మిగిలిపోతుంది. గోధుమరంగు అదే. మనకు కనిపించే మెలికల సిరలు చివరన ఉన్నవి మాత్రమే. అసలు లీకు చాలామందిలో పైన, గజ్జల దగ్గర ఉంటుంది. నాకూ అక్కడే ఉందని తేలింది, కానీ మొదటి స్కాన్‌లో కాదు.

మొదటి డాప్లర్ (సిరలో రక్తం ఎటు పారుతోందో చూపే స్కాన్) నవంబరు మొదట్లో మా ఊళ్లోనే ఒక డయాగ్నోస్టిక్ సెంటర్‌లో తీయించాను. 2,200 రూపాయలు తీసుకున్నారు. బల్ల మీద పడుకోబెట్టి గజ్జల నుంచి పిక్క దాకా ప్రోబ్‌తో నొక్కి చూసి, పది నిమిషాల్లో ముగించారు. రిపోర్టులో ‘లోపలి సిరల్లో గడ్డ లేదు, గజ్జల జంక్షన్ బాగానే ఉంది, పిక్క మీద సిరలు ఉబ్బి ఉన్నాయి’ అని రాశారు. జంక్షన్ అంటే చర్మం కింది సిర వెళ్లి, లోతున ఉండే లోపలి సిరలో కలిసే చోటు. పడుకుంటే నేను పైన చెప్పిన రక్తపు ఎత్తే ఉండదు. కిందికి లాగే బరువు లేనప్పుడు చెడిపోయిన కవాటం కూడా లీకు చూపించకపోవచ్చు. లోపలి సిరల్లో గడ్డ ఉందా అని చూడటానికి ఆ స్కాన్ చాలు. వెరికోస్ వెయిన్స్ ఎక్కడ మొదలయ్యాయో చెప్పడానికి చాలదు. బుక్ చేసేటప్పుడే ‘నిలబెట్టి రిఫ్లక్స్ (రక్తం వెనక్కి కారడం) చూస్తారా?’ అని అడగండి. ‘అవసరం లేదు’ అంటే ఇంకో చోటు చూసుకోండి. నేను ఈ మొత్తంలో గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే.

హైదరాబాద్‌లో వాస్క్యులర్ సర్జన్ అపాయింట్‌మెంట్ దొరకడానికి రెండు వారాలు పట్టింది. సర్జన్ ఆ రిపోర్టు చదివి పక్కన పెట్టి, తనే మళ్లీ స్కాన్ చేశారు. పొట్టి స్టూల్ మీద ఎక్కి, రాడ్ పట్టుకుని నిలబడమన్నారు. ‘మేడమ్, బరువంతా కుడి కాలి మీద వెయ్యండి, ఎడమ మోకాలు కొంచెం బయటికి తిప్పి వదులుగా పెట్టండి’ అన్నారు. గజ్జల దగ్గర ప్రోబ్ ఆనించి, రెండో చేత్తో నా పిక్కను ఒక్కసారి పిండి వదిలేశారు. పిండగానే తెర మీద నీలం రంగు పైకి పోయింది. వదలగానే అదే చోట ఎరుపు నిండింది, పోదే! గుండెల్లో గుబులు పుట్టింది నాకు. మెషీన్‌లో హోరుమనే శబ్దం సాగుతూనే ఉంది. కింద గీత మీద ఆయన రెండు గుర్తులు పెట్టి కొలిచారు: 3.1 సెకన్లు. అర సెకను దాటితేనే రిఫ్లక్స్ కింద లెక్క. తర్వాత తొడ పొడవునా, మోకాలి వెనక, పిక్క లోపలివైపు ఒక్కో చోట పిండుతూ చూసి, కాలి బొమ్మ ఉన్న కాగితం మీద పెన్నుతో దారి గీశారు. కాలి లోపలివైపు చర్మం కింద పొడవునా ఉండే పెద్ద సఫీనస్ సిరలో, గజ్జల నుంచి మోకాలి దాకా మొత్తం లీకు, జంక్షన్ దగ్గర వెడల్పు 9 మిల్లీమీటర్లు, మోకాలి కింద కొమ్మలు. మోకాలి వెనక ఉండే చిన్న సఫీనస్ సిర బాగుంది, లోపలి సిరలు బాగున్నాయి. ఆ కాగితమే తర్వాత అన్నిటికీ ఆధారమైంది. మీ రిపోర్టులోనూ ఈ నాలుగూ ఉండాలి: నిలబెట్టి చూశారన్న మాట, ఏ సిరలో ఎన్ని సెకన్ల లీకు, వెడల్పు ఎంత, లోపలి సిరల పరిస్థితి.

ఈ స్కాన్‌కి ఖాళీ కడుపుతో వెళ్లకండి. అరగంట కదలకుండా నిలబడితే కళ్లు తిరగడం మామూలేనట, నాకు ముందు వెళ్లిన పెద్దాయనను మధ్యలో పడుకోబెట్టాల్సి వచ్చింది. వదులుగా ఉండే పంజాబీ డ్రెస్‌తో వెళ్లడం నయం. జెల్లు తొడంతా అవుతుంది.

తర్వాత పాదం మీద నాడి చూశారు, చేతికీ చీలమండకూ బీపీ తీసి పోల్చారు. పాదానికి రక్తం తెచ్చే ధమనులు సన్నబడిన వాళ్లకు గట్టి స్టాకింగ్స్ వేస్తే పాదానికే ప్రమాదం, అందుకు ఆ పరీక్ష. షుగర్ ఉన్నవాళ్లు, పొగ తాగేవాళ్లు ఇది చేయించుకోకుండా మెడికల్ షాపులో స్టాకింగ్స్ కొని వేసుకోవద్దు. ఇంట్లో ఎవరికైనా రక్తం గడ్డలు కట్టాయా, హార్మోన్ మాత్రలు వాడుతున్నానా అని కూడా అడిగారు. నా స్థాయిని సి4ఏ అని రాశారు. సి2 అంటే ఉబ్బిన సిరలు, సి3 వాపు, సి4 చర్మం మారడం, సి5 మానిన పుండు, సి6 మానని పుండు. పలచబడ్డ చర్మం మీద ఉబ్బిన సిర ఎప్పుడైనా పగిలి రక్తం చిమ్మితే వెంటనే పడుకుని, కాలు గుండె కంటే ఎత్తులో పెట్టి, శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు వదలకుండా నొక్కి పట్టమన్నారు. పైన తాడు కట్టకూడదు, నిలబడకూడదు. ఇంట్లో వాళ్లకు కూడా చెప్పి ఉంచాల్సిన సంగతి ఇది.

చికిత్సలో దారులు ఏమిటని అడిగితే ఓపిగ్గా చెప్పారు. కనిపించే మెలికలు మాత్రమే తీసేస్తే పైన లీకు అలాగే ఉంటుంది కాబట్టి మళ్లీ వస్తాయి. 9 మిల్లీమీటర్ల సిరకు ఫోమ్ (సిరను మూసే మందు నురగ) ఒక్కటే ఎక్కిస్తే మళ్లీ తెరుచుకునే అవకాశం ఎక్కువ. పాత పద్ధతిలో గజ్జల దగ్గర కోసి సిరను లాగేస్తారు, దానికి వెన్నులో మత్తు, ఎక్కువ రోజుల విశ్రాంతి. ఇక మిగిలినవి లేజర్, ఆర్‌ఎఫ్‌ఏ, గ్లూ. మొదటి రెండూ వేడితో మూసేవే, ఫలితాల్లో పెద్ద తేడా లేదు. ఆయన చెయ్యి తిరిగింది ఆర్‌ఎఫ్‌ఏలో. గ్లూ అయితే తొడ పొడవునా సూదులు ఉండవు, కానీ ఆ జిగురు ఒంట్లో ఉండిపోతుంది, కొందరికి అలర్జీలా చర్మం ఎర్రబడుతుంది, ఖర్చు దాదాపు రెట్టింపు చెప్పారు. నాకు ఆర్‌ఎఫ్‌ఏకి ఒక కాలికి 88,000 చెప్పారు, అందులో సగం దాకా కాథెటర్ ధరే. నిమ్స్‌లో కూడా వాస్క్యులర్ సర్జరీ విభాగం ఉంది, ప్రైవేటు ఖర్చు భారమనుకునేవాళ్లు ముందు అక్కడ అడిగి చూడొచ్చు.

ఆ రోజే స్టాకింగ్స్ రాసిచ్చారు: క్లాస్ 2, తొడ దాకా, వేళ్ల దగ్గర తెరిచి ఉండేవి. డబ్బా మీద 23–32 అని ఉంటుంది, చీలమండ దగ్గర అవి ఇచ్చే ఒత్తిడి అది, మిల్లీమీటర్ల పాదరసంలో. కొలతలు పొద్దున, వాపు రాకముందు తీయాలి. చీలమండ దగ్గర అన్నిటికంటే సన్నగా ఉండే చోట, పిక్క లావుగా ఉన్న చోట, గజ్జలకు కొంచెం కింద తొడ చుట్టుకొలత, నేల నుంచి అక్కడి దాకా పొడవు. సాయంత్రం కొలిస్తే ఒక సైజు పెద్దది వస్తుంది, వదులుగా ఉండి పని చేయదు. తొడ కొలత తప్పితే పై పట్టీ చుట్టుకుపోయి తాడులా బిగుస్తుంది, అది వేసుకోకపోవడం కంటే చెడ్డది. జత 3,400 పడింది. రోజూ ఉతకాలి కాబట్టి రెండు జతలు తీసుకున్నాను.

వేసుకోవడం మొదట్లో యుద్ధమే. కుదిరిన పద్ధతి ఇది. మంచం దిగకముందే వేసుకోవాలి. గిన్నెలు కడిగే రబ్బరు గ్లౌజులు తొడుక్కోవాలి, వేళ్లతో లాగితే గోళ్లు దిగి పోగులు తెగుతాయి, గ్లౌజులతో అరచేత్తో నెట్టొచ్చు. స్టాకింగ్‌ను మడమ భాగం దాకా తిరగేసి, ముందు పాదం ఎక్కించి, మడమ సరిగ్గా దాని చోట కూర్చున్నాకే మిగతాది కొంచెం కొంచెంగా పైకి తీసుకెళ్లాలి. పాదానికి ముందు పలచని ప్లాస్టిక్ కవరు తొడిగి, చివర్లో వేళ్ల దగ్గర్నుంచి లాగేస్తే తేలిగ్గా జారుతుంది. పొద్దున కాలికి కొబ్బరినూనె రాయకూడదు, పట్టీ జారిపోతుంది, రబ్బరు పాడవుతుంది. నూనె గానీ క్రీము గానీ రాత్రి విప్పాక రాసుకోవాలి. మెట్టెలకు పోగులు తగులుకుంటాయి, వేసుకునేటప్పుడు తీసి తర్వాత పెట్టుకోవడమే. కాళ్ల పట్టీలు పెట్టుకోవడం నేనైతే పూర్తిగా మానేశాను. తొడ దగ్గరి సిలికాన్ పట్టీ కింద చెమటకు దద్దుర్లు వచ్చాయి, పట్టీ లోపలివైపు రోజూ తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టాక తగ్గాయి. ఉతికేది చేత్తో, మామూలు సబ్బునీళ్లలో, ఆరేసేది నీడన. మా దగ్గర మే నెల ఎండల్లో ఇది వేసుకుని ఉండటం చాలా కష్టం. ఆపరేషన్ ఎలాగూ వాయిదా వేయగలిగేదే కాబట్టి చలికాలంలో పెట్టుకోండి.

స్టాకింగ్స్‌తో సాయంత్రపు బరువు వారంలోనే సగం తగ్గింది. లీకు మాత్రం తగ్గదు, విప్పితే అంతా మామూలే. అయినా ఆ ఆరు వారాలు వృథా కాలేదు, ఇన్సూరెన్స్ దగ్గర పనికొచ్చాయి.

ఇన్సూరెన్స్ సంగతి. చాలా పాలసీల్లో వెరికోస్ వెయిన్స్‌కి పాలసీ తీసుకున్న మొదటి రెండేళ్లు డబ్బు రాదు, ప్రత్యేకంగా పేరు పెట్టి రాసి ఉంటుంది. నాది ఆ గడువు దాటింది. డిసెంబరు చివర్లో ఆసుపత్రి క్యాష్‌లెస్‌కి పంపితే మర్నాడే ప్రశ్నలు వచ్చాయి: ఇది అందం కోసమా, జబ్బుకా? ముందు స్టాకింగ్స్ వాడి చూశారా? ఎన్నాళ్లుగా ఉంది? నిలబెట్టి తీసిన డాప్లర్ రిపోర్టు, సి4ఏ అని రాసిన కాగితం, స్కిన్ డాక్టర్ చీటీలు, మచ్చ ఫొటో, స్టాకింగ్స్ బిల్లు పంపాం. మూడు రోజుల తర్వాత 74,500కి ఆమోదం వచ్చింది. పడుకోబెట్టి తీసిన రిపోర్టు మాత్రమే ఉంటే ‘జంక్షన్ బాగానే ఉంది’ అన్న ఒక్క ముక్క పట్టుకుని తిరస్కరించేవాళ్లని ఆసుపత్రి ఇన్సూరెన్స్ డెస్క్ అమ్మాయి చెప్పింది. డేకేర్ కింద వస్తుంది కాబట్టి 24 గంటలు ఆసుపత్రిలో ఉండాల్సిన పని లేదు. నా పాలసీలో అడ్మిషన్‌కు ముందు 30 రోజులు, తర్వాత 60 రోజుల ఖర్చులు ఇస్తారు. జనవరి రక్త పరీక్షలకు వచ్చింది, నవంబరు డాప్లర్‌కి రాలేదు. తేదీలు చూసుకుని పరీక్షలు పెట్టుకోవడం మంచిది.

జనవరి 10న ఆపరేషన్. లోకల్ మత్తే కాబట్టి పొద్దున తేలికగా టిఫిన్ తిని రమ్మన్నారు, కొన్ని చోట్ల ఖాళీ కడుపు అడుగుతారు, ముందే కనుక్కోవాలి. నగలు, పట్టీలు, మెట్టెలు ఇంట్లోనే తీసేశాం. ముందు మళ్లీ నిలబెట్టి, చెరగని మార్కర్‌తో ఉబ్బిన ప్రతి సిర మీదా గీతలు గీశారు. పడుకున్నాక సిరలు ఖాళీ అయి కనిపించవు, ఈ గీతలే దారి. ఇక్కడ తొందరపడనివ్వకండి. నాకు చీలమండ పైన ఒకటి గీయకుండా వదిలేస్తే నేనే చూపించాను.

థియేటర్ చలి గడ్డ కట్టించేంత ఉంది, సాక్సు రెండో కాలికి వేసుకోనిచ్చారు. మోకాలి కింద లోపలివైపు స్కాన్ చూస్తూ సూదితో సిరలోకి దారి చేసి, దాంట్లోంచి కాథెటర్‌ను గజ్జల దాకా పంపారు. దాని కొసను జంక్షన్‌కి 2 సెంటీమీటర్లు కింద ఆపి, స్కాన్‌లో రెండుసార్లు కొలిచి చూసుకున్నారు. అంతకంటే పైకి పోతే వేడి లోపలి పెద్ద సిరకు తగిలి అక్కడ గడ్డ కట్టొచ్చు. ఇందులో ఏ నొప్పీ తెలియలేదు.

నొప్పి తర్వాత వచ్చింది. సిర చుట్టూ మత్తు నీళ్లు నింపడం. చల్లటి సెలైన్‌లో లిగ్నోకైన్, అడ్రినలిన్, సోడియం బైకార్బొనేట్ కలిపి తొడ పొడవునా కొన్ని సెంటీమీటర్లకు ఒక సూది చొప్పున గుచ్చుతూ నింపారు, దాదాపు 400 మిల్లీలీటర్లు పట్టింది. మొదటి నాలుగైదు గుచ్చులు మంటగా ఉన్నాయి, గజ్జల దగ్గర మరీ. తర్వాత ఆ భాగమంతా చల్లగా, గట్టిగా, నాది కాని కాలులా అయింది. ఈ నీళ్లు మూడు పనులు చేస్తాయి: నొప్పి తెలియనివ్వవు, సిరను నొక్కి కాథెటర్‌కి అంటుకునేలా చేస్తాయి, వేడి చర్మానికీ నరానికీ తగలకుండా అడ్డుగా ఉంటాయి. అందుకే ఆ సూదులు తగ్గించమని అడగకండి. అవి సరిగా పడకపోతేనే చర్మం కాలడం, తిమ్మిర్లు వచ్చేది.

బల్లను తలవైపు కిందికి వంచారు. కాథెటర్ కొసన 7 సెంటీమీటర్ల భాగం 120 డిగ్రీలకు వేడెక్కి 20 సెకన్లు ఉంటుంది. మెషీన్ బీప్ కొట్టగానే కాస్త కిందికి లాగి మళ్లీ 20 సెకన్లు. జంక్షన్ దగ్గరి మొదటి ముక్కకు రెండుసార్లు. మోకాలి దాకా అయ్యేసరికి వేడి పెట్టిన సమయం రెండున్నర నిమిషాలు కూడా లేదు. ఒక చోట మాత్రం లోపల సెగ తగిలినట్టనిపించి చెప్పాను, వెంటనే ఆపి అక్కడ ఇంకొంచెం మత్తు నీళ్లు ఎక్కించారు. అలా అనిపిస్తే ఓర్చుకోకుండా చెప్పాలి. మోకాలి కింద వేడి పెట్టలేదు, అక్కడ సఫీనస్ నరం సిరను ఆనుకుని ఉంటుంది. ఆ కొమ్మలను 2–3 మిల్లీమీటర్ల గాట్లలోంచి చిన్న కొక్కేలతో లాగి తీసేశారు. కుట్లు లేవు, కాగితం టేపులే. కాథెటర్ కొత్త ప్యాకెట్ నా ముందే విప్పారు, దాని స్టిక్కర్ కేస్ షీట్‌లో అతికించారు. అది ఒక్కసారికే వాడాల్సిన వస్తువు. స్టిక్కర్, ఇన్వాయిస్ అడిగి తీసుకోండి, ఇన్సూరెన్స్ వాళ్లు కూడా అవే అడుగుతారు.

పై నుంచి కింది దాకా దూది ప్యాడ్లు, క్రేప్ బ్యాండేజీ, దాని మీద స్టాకింగ్ వేసి, లేపి నిలబెట్టి, వెంటనే కారిడార్‌లో ఇరవై నిమిషాలు నడిపించారు. లోపలి సిరల్లో రక్తం నిలవకుండా ఉండటానికి ఆ నడక. సాయంత్రం ఉప్పల్‌లో చెల్లెలి ఇంటికి వెళ్లాను. రాత్రి పదింటికి బ్యాండేజీ తడిసి, పరుపు మీద లేత ఎరుపు మరక పడింది. ఇంట్లో అందరూ హడలిపోయారు. ఫోన్ చేస్తే, లోపల నింపిన మత్తు నీళ్లు గాట్లలోంచి కారడమేనని, చిక్కటి ఎర్ర రక్తం ఆగకుండా వస్తే మాత్రం రమ్మని చెప్పారు. తెల్లారేసరికి ఆగిపోయింది. ఇది ముందే ఒక మాట చెప్పి ఉంటే ఆ రాత్రి మాకు అంత భయం ఉండేది కాదు. మంచం మీద ప్లాస్టిక్ షీటు, పాత దుప్పటి వేసుకోండి.

48 గంటలకు కట్లు విప్పి స్నానం చేయనిచ్చారు. తొడ లోపలివైపంతా ఊదారంగు, పసుపు, ఆకుపచ్చ. స్టాకింగ్ పగలంతా నాలుగు వారాలు వేసుకోమన్నారు, ఈ గడువు ఒక్కో సర్జన్ ఒక్కోలా చెప్తారు. గంటకోసారి అయిదు నిమిషాల నడక, కూర్చుంటే కాలు ఎత్తు మీద. గొంతుక్కూర్చోవడం, బరువులెత్తడం రెండు వారాలు వద్దన్నారు. దూరపు విమాన ప్రయాణాలు నెల రోజులు వద్దన్నారు. సికింద్రాబాద్ నుంచి కాజీపేటకు రైల్లోనే వెళ్లాను, కారులో అయితే మధ్యలో లేచి నడవలేం.

వారానికి వెళ్లిన స్కాన్ మానకూడని స్కాన్. మూసిన సిర పై కొస నుంచి గడ్డ లోపలి పెద్ద సిరలోకి జరిగిందా అని చూసేది అప్పుడే. నా రిపోర్టులో ‘సఫీనస్ సిర మూసుకుంది, నొక్కితే అణగట్లేదు, లోపల గడ్డ’ అని చూసి మా ఆయన ముఖం పాలిపోయింది. చికిత్స చేసిన సిరలో అలా ఉండటమే కావలసింది. చూడాల్సింది కింది వాక్యం: ‘లోపలి సిరలు నొక్కితే అణుగుతున్నాయి, జంక్షన్ తెరిచే ఉంది.’ పిక్క మొత్తం ఒక్కసారిగా వాచి గట్టిపడినా, ఊపిరి అందకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా రోజుల లెక్క చూడకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

మొదటి నాలుగు రోజులు హాయిగా గడిచాక, దాదాపు వారానికి అసలు పట్టు మొదలైంది. కాలు చాపితే గజ్జల నుంచి మోకాలి దాకా లోపల ఎవరో పావడా బొందు బిగించి లాగుతున్నట్టు. తడిమితే తాడులా చేతికి తగులుతుంది. మూసిన సిర ముడుచుకుంటోందనడానికి గుర్తు అది. ఏదో తేడా వచ్చిందని ఏడుపొచ్చింది నాకు, ఎందుకంటే అప్పటికే తగ్గిపోయిందనుకుని ధైర్యంగా ఉన్నాను. నడిస్తే సడలింది, పడుకుంటే బిగిసింది. నొప్పి మాత్రలు, రోజూ సాయంత్రం భద్రకాళి చెరువు గట్టున నడక, అంతే మందు. మూడో వారానికి పోయింది. చీలమండ పైన రూపాయి బిళ్లంత చోట స్పర్శ మాత్రం రెండు నెలలు లేదు. కొక్కెం పడిన చోట సన్న నరం దెబ్బతిని ఉంటుందన్నారు, ఇప్పుడు దాదాపు వచ్చేసింది.

సెలవులు అయిపోగానే కాలేజీకి వెళ్లాను. క్లాసులు ఇబ్బంది పెట్టలేదు. ఫిబ్రవరి ప్రాక్టికల్ పరీక్షల్లో రోజంతా ఒకే చోట నిలబడటం ఇబ్బంది పెట్టింది. నిలబడాల్సి వస్తే మడమలు ఎత్తి దించుతూ ఉండాలి, పిక్క పని చేస్తేనే రక్తం పైకి పోతుంది.

మార్చి 7న మిగిలిన చిన్న సిరలకు ఫోమ్ ఇచ్చారు. పాలిడోకనాల్ అనే సిరను మూసే మందు ఒక వంతు, గాలి నాలుగు వంతులు రెండు సిరంజిల్లో తీసుకుని, త్రీవే అనే మూడు దారుల చిన్న కొళాయికి బిగించి, అటూ ఇటూ ఇరవై సార్లు తోస్తే చిక్కటి తెల్లటి నురగ వస్తుంది. అది త్వరగా విడిపోతుంది, అందుకే పక్కనే కలిపి వెంటనే ఎక్కిస్తారు. నాకు 6 మిల్లీలీటర్లు పట్టింది, ఒక విడతలో 10 దాటనివ్వరు. మైగ్రేన్ ఉన్నవాళ్లు ముందే చెప్పాలి, కాసేపు కళ్ల ముందు మెరుపులు వస్తాయట. సూది నొప్పి తప్ప ఏమీ లేదు. 12,000 అయింది, 60 రోజుల లోపలే కాబట్టి బిల్లు పెడితే డబ్బు వచ్చింది. రెండు వారాల తర్వాత పిక్క మీద మూడు చోట్ల గట్టి గడ్డలు తేలి ముట్టుకుంటే నొప్పి పుట్టాయి. మూసిన సిరలో చిక్కుకున్న పాత రక్తం అది. సర్జన్ సూదితో గుచ్చి నొక్కితే నల్లగా, చిక్కగా బయటికి వచ్చింది, ఆ సాయంత్రానికే నొప్పి పోయింది. తీయించుకోకపోతే చర్మం మీద గోధుమ గీత నెలల తరబడి ఉండిపోవచ్చు.

ఇప్పుడు రాత్రి పిక్క పట్టడం లేదు, దురద లేదు. పాత మచ్చ లేతబడింది కానీ పోలేదు, పూర్తిగా పోతుందని ఆశ పెట్టుకోవద్దన్నారు. ఇన్సూరెన్స్ ఇచ్చింది పోను, స్కాన్లు, రెండు జతల స్టాకింగ్స్, ప్రయాణాలు, ఆమోదం రాని మిగతా బిల్లు కలిపి నా చేతి నుంచి 30,000 దాకా పడింది. మూసిన సిర అయిదేళ్ల తర్వాత కూడా పదిమందిలో తొమ్మిది మందికి మూసే ఉంటుంది, అయితే వేరే సిరలు చెడవని హామీ లేదు. నా కుడి కాలిలో మోకాలి దగ్గర చిన్న లీకు కనిపించింది, వాపు, చర్మం మార్పు లేవు. దానికి ఇప్పుడు ఏమీ చేయొద్దని, కాలేజీకి వెళ్లే రోజుల్లో మోకాలి దాకా ఉండే స్టాకింగ్ వేసుకోమని, వచ్చే జనవరిలో మళ్లీ నిలబెట్టి స్కాన్ చేస్తానని చెప్పారు. స్టాకింగ్ పట్టు ఆరు నెలలకు సడలిపోతుంది కాబట్టి జూన్‌లో కాలేజీ తెరిచేలోపు కొత్త జత కొలతలు ఇవ్వాలి.